క్యాసెట్ తిప్పే చోటు

నలుగురు కూర్చుని నాలుగు తీగవాద్యాలతో వాయించే పాశ్చాత్య సంగీతం ఉంది చూశారూ, దాని గురించి నాకు తెలిసిందంతా మేడ్చల్‌లో ఒక పిండి గిర్ని పుణ్యమా అని తెలిసింది. ఈ మాట ఎక్కడ చెప్పినా నవ్వుతారు. నవ్వనివ్వండి, నా సొమ్మేం పోయింది.

ఆ గిర్ని మా నాయినది. బస్ డిపో నుంచి బజారులోకి వచ్చే దారిలో రేకుల షెడ్డు, అందులో గోధుమలకూ జొన్నలకూ ఒక రాళ్ల జత, కారానికీ పసుపుకూ వేరే మిషన్. షెడ్డులోకి అడుగు పెడితే ఎదుటి మనిషి మాట వినపడేది కాదు. అందరూ సైగలతోనే పని జరుపుకునేవారు. ఆ హోరులో నాయిన ఒక్కడే హాయిగా వింటూ ఉండేవాడు. ఏం వినేవాడంటే, రాయిని. పిండి మెత్తగా వస్తున్నదో లేదో ఆయన వేళ్లతో రుద్ది చూడనక్కరలేదు. అటు తిరిగి ఎవరి జొన్నలో తూకం వేస్తూ, ఉన్నట్టుండి "రాయి ఏడుస్తాంది" అని వచ్చి రాళ్ల మధ్య సందు సరిచేసేవాడు. రాయి ఎప్పుడైనా నవ్విందని మాత్రం ఆయన చెప్పగా నేను వినలేదు.

తొంభైల మొదట్లో డిపో వెనక కొత్త కాలనీ లేచింది. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్థులు. వాళ్లకు ఇడ్లీరవ్వ కావాలి. అప్పటిదాకా మా గిర్నిలో రవ్వ పట్టమని అడిగినవాళ్లు లేరు. ఒకావిడ మొదటిసారి పట్టించుకుని పోయి, మర్నాడే డబ్బా పట్టుకుని భర్తను వెంటేసుకుని వచ్చింది.

"ఇది రవ్వా, పిండా అండీ? ఇడ్లీలు వేస్తే అట్టముక్కల్లా వచ్చాయి," అంది.

నాయినకు కోపం రాలేదు కానీ రోషం వచ్చింది. "ఆగమ్మా. మల్ల పడ్త. గీపాలి మంచిగ రాకుంటే గిర్నే బంద్ జేస్త," అని బియ్యం పోసి, రాళ్ల సందు పెంచుతూ తగ్గిస్తూ చెవి ఒగ్గి నిలబడ్డాడు. మధ్యలో టక్కున మర ఆపేశాడు. రాళ్ల నడుమ ఏదో పడ్డదన్నాడు. ఆవిడ భర్త జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు. పొద్దంతా యంత్రాల మధ్య బతికే మనిషి, ఆయనకే తేడా ఏమీ తెలియలేదట. రాయి ఎత్తి చూస్తే చొక్కా గుండీ అంత ఇనుప ముక్క.

ఇంజినీరుగారు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "అన్నగారూ, మీవి చెవులు కావండీ, బంగారం. ఈ ఆదివారం మా ఇంటికి రావాలి. మీకొకటి వినిపించాలి," అన్నారు.

నాయిన నన్ను తోడు తీసుకుపోయాడు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఇంగ్లీషు మాట ఏదైనా అడ్డం పడితే పక్కన డిక్షనరీ ఉండాలి కదా.

ఇంజినీరు అంకుల్ ఇంట్లో ఉన్నది ఒక్క క్యాసెట్. దానికీ ఒక కథ ఉంది. ఆయన ఫ్యాక్టరీలో కొత్త మిషన్ బిగించడానికి ఒక జర్మనీ ఇంజినీరు వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. వెళ్లేముందు తన దగ్గరున్న సీడీ ఒకటి అంకుల్‌కి రెండు రోజులు అరువిచ్చాడు. అంకుల్ దాన్ని సికింద్రాబాద్‌లో ఒక క్యాసెట్ల దుకాణంలో ఇచ్చి గంట క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నారు. సీడీ సొంతదారుతో పాటు విమానమెక్కిపోయింది. క్యాసెట్ మేడ్చల్‌లో ఉండిపోయింది. సీడీ మీది ఇంగ్లీషు రాతంతా అంకుల్ ముత్యాల్లాంటి అక్షరాలతో క్యాసెట్ అట్ట మీద ఎక్కించారు, రచన పేరూ నంబరుతో సహా.

మొదటిసారి విన్నప్పుడు, నిజం చెప్పాలి, నాకు గోడ మీద పిల్లులు పోట్లాడుకుంటున్నట్టు ఉంది. పాట లేదు, మాట లేదు, తబలా దెబ్బ లేదు. ఎక్కడ తల ఊపాలో తెలియదు. ఊపకపోతే అంకుల్ ఏమనుకుంటారో అని ఊరికే ఊపుతూ కూర్చున్నాను. నాయిన మాత్రం టేప్ రికార్డర్ పెట్టిన చెక్కపీట పక్కనే బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని, గిర్నిలో రాయి వినేటప్పటి మొహం పెట్టాడు. అంతా అయ్యాక కళ్లు తెరిచాడు.

"నలుగురున్నరు సారూ. ముగ్గురు సన్నగ మాట్లాడేటోళ్లు. ఒగాయన పెద్దాయన. తక్కువ మాట్లాడ్తడు. గాని ఆ ముగ్గురు ఆయన మీదనే నిలవడ్డరు."

అంకుల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చూశావుటే! నేను ఆర్నెల్లుగా వింటున్నా, నాకిది తట్టలేదు!" అని వంటింటి వైపు కేకేశారు. ఆంటీ గరిటె పట్టుకునే వచ్చి, "మీకేం తడుతుందిలెండి, ఇడ్లీరవ్వలో గుండీ ఉన్నా తట్టదు," అని వెళ్లిపోయింది.

అలా మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం గిర్ని మూసేసి, నాయిన తలస్నానం చేసి, జుట్టులో పిండి పోయిందో లేదో అద్దంలో చూసుకుని బయల్దేరేవాడు. మా అమ్మ, "పోండి పోండి, రంపం కోతలు ఇననీకి," అని సాగనంపేది. నాలుగైదు వారాలకే అంకుల్ ఒక పద్ధతి పెట్టారు. నలుగురు వాయిస్తున్నారు, వినేవాళ్లమూ నలుగురమే. కాబట్టి తలా ఒక మనిషిని తీసుకోవాలి. వింటున్నంతసేపూ ఎవరి మనిషిని వాళ్లు వదలకుండా పట్టుకోవాలి. అయిపోయాక, తన మనిషి ఆ రోజు ఏం చేశాడో వరసగా చెప్పాలి.

మొదటి వయొలిన్ అంకుల్ తీసుకున్నారు. ఇల్లు ఆయనది, క్యాసెట్ ఆయనది, ఎవరు కాదంటారు. వయొలిన్‌కి అక్కలాంటి వాద్యం ఒకటి ఉంటుంది, వయోలా అంటారు, అది ఆంటీకి వచ్చింది. అన్నిటికన్నా పెద్దది, నేల మీద ఆనించి మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించేది, చెల్లో. అది ఎవరిదో చెప్పనక్కరలేదు. మిగిలిన రెండో వయొలిన్ నా నెత్తిన పడింది. నాకు ఒళ్లు మండింది. రెండో వయొలిన్ అంటే పెళ్లిలో తోడిపెళ్లికూతురు. అందరూ పక్కనామెనే చూస్తారు.

"నాకెందుకంకుల్ గిది? ఏం జేస్తదది? ముందటోని యెనక ఉరుకుడే," అన్నాను.

"నువ్వు విను ముందు. అందరూ వదిలేసిన మనిషిని పట్టుకుంటేనే తెలుస్తుంది," అన్నారాయన. ఆ మాట అప్పుడు నాకు బుజ్జగింపులాగే వినపడింది.

కానీ ఏం చెప్పను, రెండు నెలలు తిరిగేసరికి ఆ తోడిపెళ్లికూతురి మీద నాకు పిచ్చి ప్రేమ పుట్టింది. మొదటి వయొలిన్ పైకెక్కి గొప్పలు పోతుంటే కింద నిచ్చెన పట్టుకున్నది నా మనిషే. అది ఒక్క క్షణం పట్టు వదిలిందా, అంకుల్ మనిషి నడ్డి విరుగుతుంది. ఈ సంగతి నేను కాస్త గర్వంగానే చెబుతుంటే, ఆంటీ చల్లగా, "నా మనిషి కూరలో ఉప్పు. ఎవరూ మెచ్చుకోరు. మానేస్తే అందరూ మొహాలు చిట్లిస్తారు," అనేది. ఆమె ఆ వాద్యం గురించే చెప్పేదో, ఆ ఇంట్లో తన సంగతే చెప్పేదో నాకు ఇప్పటికీ అనుమానమే. అంకుల్ మాత్రం ప్రతివారం తలూపేవారు, అర్థమైనట్టే.

అలా ఒక్క క్యాసెట్టే ఏళ్ల తరబడి విన్నాం. విసుగు పుట్టలేదా అంటే, రోజూ అన్నం తింటే విసుగు పుడుతుందా? వారానికొకటి కొత్తగా దొరికేది. ఒకరోజు నా మనిషీ ఆంటీ మనిషీ చాటుగా ముచ్చట్లాడుకునే చోటు పట్టుకున్నాం. ఇంకోరోజు అంకుల్ మనిషి అడిగిన ప్రశ్నకు చాలాసేపటి తర్వాత పెద్దాయన జవాబు చెబుతాడని నాయిన కనిపెట్టాడు. "జల్దీ చెప్పడు. మస్తు ఆలోచన జేసి చెప్తడు," అని మురిసిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ రచన మొత్తం ముప్పావుగంటకు కాస్త తక్కువ. నాలుగు భాగాలు. మూడోది నెమ్మదిగా సాగేది, పెద్దది. క్యాసెట్ ఒక వైపు అరగంటే పడుతుంది. అరగంట అయ్యేసరికి మూడో భాగం సగంలో ఉంటుంది. పెద్దాయన కింద ఒకే స్వరం పట్టుకుని కదలకుండా ఉంటాడు. దాని మీద మొదటి వయొలిన్ మెట్టు మెట్టు ఎక్కుతూ పోతుంది. ఇంకో రెండు మెట్లెక్కితే పైకి చేరుతుందనగా టప్‌మని బటన్ పైకి లేచేది. మొదటి వైపు అయిపోయింది.

ఇంత కమ్మటి చోట ఆగితే ఏం చేస్తాం? ఛాయ్ తాగేవాళ్లం. క్యాసెట్ తిప్పే హక్కు నాయినది. ఇంజినీరుగారి ఇంట్లో మర ఆపడం, మర వేయడం ఈయన చేతుల్లోనే ఉండాలి మరి. బటన్ టప్‌మనగానే నాయిన లేచేవాడు, ఆంటీ వంటింట్లోకి వెళ్లేది, అంకుల్ కాళ్లు చాపేవారు, నేను అంతవరకూ బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారిగా కక్కేదాన్ని. సంగీతం సాగుతున్నంతసేపూ మాట్లాడకూడదని నియమం. ఛాయ్ అయ్యాక నాయిన రెండో వైపు వేసేవాడు. అటువైపు పెద్దాయన ఒక్కడే కిందికి దిగుతూ మొదలుపెడతాడు.

పైకెక్కేది ఈ వైపు, కిందికి దిగేది ఆ వైపు. నడుమ ఏముంది? దుకాణంలో క్యాసెట్ ఎక్కించినాయన, మొదటి వైపు నిండాక సీడీ ఆపడంలో కాస్త ఆలస్యం చేశాడు. "కొంచెం పోయుంటది సార్, ఎవరికీ తెల్వది," అన్నాడట అంకుల్‌తో. మాకైతే తెలియకపోను గానీ, నాయిన చెవులకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"నడుమ ఏదో పోయింది సారూ. ఆ ఒడ్డు గీ ఒడ్డు కలుస్తలేవు," అన్నాడు రెండో వారంలోనే. తర్వాత కూడా ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఛాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, "గా మెట్ల మీద ఏమున్నదో," అనేవాడు. అంకుల్ సికింద్రాబాద్ దుకాణాల్లో అడిగి చూశారు. ఆ సీడీ దొరకలేదు. దొరికిన వేరేవి కొందామంటే నాయిన వద్దన్నాడు. ఉన్నదే ఇంకా అందలేదు, ఇంకోటి ఎందుకన్నాడు.

ఇలా ఏళ్లు గడిచాయి. నేను డిగ్రీ అయ్యి జీడిమెట్లలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో చేరాను. బస్సులో పోతూ వస్తూ కూడా నా రెండో వయొలిన్‌ను బుర్రలో వినేదాన్ని. ఆదివారం మాత్రం తప్పేది కాదు.

నాయిన చెవుల సంగతి మొదట జొన్నపిండి బయటపెట్టింది. అత్వెల్లి నుంచి వచ్చే ముసలావిడ ఒకామె పిండి తిరిగి తెచ్చి, "ఏందయ్యా, రొట్టె జేస్తే మాడు వాసన వస్తాంది," అంది. రాళ్లు మరీ దగ్గరై, వేడెక్కి, పిండి కమిలింది. రాయి ఏడ్చి ఉంటుంది. నాయినకు వినపడలేదు. ఆయన ఆ పిండి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వేరే పిండి ఇచ్చి పంపాడు. ఆ రోజు నుంచి జొన్నలు పోసే తొట్టికి అరచెయ్యి ఆనించి నిలబడటం మొదలుపెట్టాడు. అదురును బట్టి రాయి సంగతి పట్టుకునేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. తర్వాత ఆంటీ, "అన్నయ్యగారూ, టీ," అంటే పలకకపోవడం మొదలైంది. మాట బిగ్గరగా అయింది. ఆదివారాలు అంకుల్ ఇంట్లో టేప్ రికార్డర్ పెట్టిన చెక్కపీట మీద కూడా అరచెయ్యి చేరింది.

డాక్టరు దగ్గరకు లాక్కుపోయాను. అక్షరాలా లాక్కునే పోయాను. ముప్పై ఏళ్ల గిర్ని హోరు చెవుల నరాలను తినేసిందన్నాడు. చెవికి మిషన్ పెట్టుకుంటే కొన్నాళ్లు కొంత నయం, ఉన్నది కూడా మెల్లగా పోతుందన్నాడు. మిషన్ కొన్నాం. గిర్నిలో అది పెట్టుకుంటే ప్రపంచంలోని హోరంతా చెవిలోకి వస్తుందని తీసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. "ఎందుకు వెట్టుకోవు నాయినా?" అని అరిస్తే, "వెట్టుకున్న గదా, జేబుల," అనేవాడు. ఆ జేబు ఊరి సంగతులన్నీ శుభ్రంగా వింటుండేది.

ఇంతలో ఒకరోజు అంకుల్ ఇంగ్లీషు పేపరు ముక్క పట్టుకుని గిర్నికి పరుగున వచ్చారు. ఆయన పరుగెత్తగా చూడటం అదే మొదలు, అదే ఆఖరు. శామీర్‌పేట వైపు ఒక పెద్ద బడిలో, విదేశాల నుంచి వచ్చిన నలుగురు వాయిస్తారట. ఎవరైనా రావచ్చు. వాయించబోయేవాటిలో ఒకటి మన క్యాసెట్‌లోదే. అట్ట మీది పేరూ నంబరూ పెట్టి రెండుసార్లు సరిచూశారట.

నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. నాయిన చెవులు పూర్తిగా మూసుకుపోకముందే ఆ నడిమి ముక్క వినాలి. నాకున్న కోరికల్లా ఆ ఒక్కటే. ఇన్నేళ్లు ఛాయ్ గ్లాసు పట్టుకుని అడిగిన ప్రశ్నకు జవాబు పదిహేను కిలోమీటర్ల దూరానికి వస్తుంటే పోకుండా ఎలా ఉంటాం? నాయిన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"మీరు పోయి రాండ్రి. చెవిటోని ముంగట శంఖం ఊదిచ్చుడు ఎందుకు బిడ్డా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ముందు కోపమొస్తుంది. "ఇనకుంటే మాయె! నీ మనిషిని సూడవా? పదేండ్ల సంది నా మనిషి నా మనిషి అంటున్నవ్, ఎట్లుంటడో ఒక్కపాలి సూడవా?" అని గిర్ని అదిరిపోయేలా అరిచాను.

ఆ మాట జేబులో కాక చెవిలోనే పడ్డట్టుంది. "గట్లనే, సూసొద్దాం పా," అన్నాడు.

అంకుల్ పాత కారులో బయల్దేరాం. బడి వెతుక్కుని చేరేసరికి హాలు నిండిపోయింది. వేదిక ముందు జంపఖానా పరిచి బడిపిల్లల్ని కూర్చోబెట్టారు. వాళ్ల ముందు మిగిలిన కాస్త చోటులో మా నలుగురినీ కూర్చోమన్నారు. మోకాలెత్తు చెక్క వేదిక మా మొహాలకు ఎదురుగా. వాయిద్యాలవాళ్లు వచ్చారు. ముగ్గురు మగవాళ్లు, వయొలిన్లూ వయోలా పట్టుకుని. చివర్న ఇరవై ఏళ్లు దాటాయో లేదో తెలియని బక్కపలచటి అమ్మాయి, తనకన్నా పెద్దదైన చెల్లోని ఎత్తుకుని వచ్చి కూర్చుంది.

"అరె! నా మనిషి ఆడివిల్లనా!" అన్నాడు నాయిన. గిర్నిలో మాట్లాడే గొంతుతోనే అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయికి మాట అర్థం కాకపోయినా నాయిన వైపు చూసి తల వంచి నవ్వింది. పదేళ్లు బుర్రమీసాల పెద్దమనిషిని ఊహించుకున్న మా నాయిన, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

మొదలుపెట్టారు. మొదలవగానే నాయిన చెవి మిషన్ కుయ్యిమని ఈల వేసింది. నిర్వాహకుల్లో ఒకాయన గుర్రుగా చూశాడు. నాయిన కంగారుగా దాన్ని తీసి జేబులో పెట్టేసుకున్నాడు. ఉన్న ఒక్క ఆసరా కూడా జేబులోకి పోయింది.

ఎదురుగా వినడమంటే ఏమిటో నేను చెప్పలేను. క్యాసెట్‌లో నా మనిషిని వెతుక్కోవలసి వచ్చేది. ఇక్కడ ఎదురుగా కూర్చున్నాడు. మొదటి వయొలిన్ ఊపిరి తీసుకోవడానికి ముందే ఈయన కనుబొమ్మ లేచేది. నిచ్చెన పట్టుకునే మనిషని నేను కల్పించుకోలేదు, నిజమే. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేదాన్ని. ఆ రోజు నా చూపంతా నాయిన మీదే. ఆయన వేదిక అంచు చెక్క మీద అరచెయ్యి ఆనించి, బొమ్మలా కూర్చున్నాడు. తల ఊపడు, వేలు కదపడు. మొదటి భాగం అయింది. రెండోది, గంతులేస్తూ పోయేది, వెనక పిల్లలు కూడా కిసుక్కున నవ్వారు, అదీ అయింది. ఈయన మొహంలో ఏమీ లేదు. ఆలస్యం చేశాను, రెండేళ్ల ముందైతే బాగుండేది, ఊరికే ఈడ్చుకొచ్చి నలుగురిలో కూర్చోబెట్టాను అని నన్ను నేను తిట్టుకున్నాను. కళ్లు నిండిపోయాయి.

మూడో భాగం వచ్చింది. మెల్లగా, మెల్లగా నడిచి, ఆ చోటు దగ్గరపడింది. ఆ అమ్మాయి కింద ఒకే స్వరం పట్టుకుంది. అంకుల్ మనిషి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. చెబితే సిగ్గు కానీ, నా నోట్లో ఛాయ్ రుచి తగిలింది. ఆంటీ చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. అంకుల్ కాళ్లు చాపబోయి ముడుచుకున్నారు. ఇంకో రెండు మెట్లు.

నాయిన లేచి నిలబడ్డాడు.

హాలు మొత్తానికి ఒక్కడే నిలబడ్డాడు. చెయ్యి కొంచెం ముందుకు చాచి, వేలు వంచి, లేని బటన్ కోసం. క్షణం అటూ కాదు, ఇటూ కాదు. సరిగ్గా టప్‌మనవలసిన చోట.

వెనకనుంచి ఎవరో "కూసోండి, కూసోండి" అన్నారు. ఆంటీ నన్ను మోచేత్తో పొడిచింది, లాగు ఆయన్ను అన్నట్టు. నేను లాగలేదు. లాగడానికి నాకు చేతులు రాలేదు. ఇన్నాడు! మా నాయిన ఇన్నాడు! మొదటినుంచీ ప్రతి మెట్టూ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. అరచేతితో విన్నాడో, చెవుల్లో మిగిలినదానితో విన్నాడో నాకెందుకు?

సంగీతం ఆగలేదు. అదే కదా ఇక్కడ తేడా. ఇది క్యాసెట్ కాదని నాయినకు అప్పుడే తట్టింది కాబోలు, చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ రెండు మెట్లూ ఎక్కారు. పైన ఏముందో మేం అప్పుడు విన్నాం. నలుగురూ కలిసి ఒకే ఒక్క స్వరసమూహం, చెప్పలేనంత సన్నగా, వాయించి ఆపారు. ఆపాక నాలుగు కమానులూ గాల్లో నిలిచిపోయాయి. అంతే. నాలుగు ఊపిరుల సేపు. తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే కిందికి దిగడం మొదలుపెట్టింది, అంటే మా రెండో వైపు మొదలైంది. సరిగ్గా ఆ మొదటి స్వరానికి నాయిన మెల్లగా కూర్చుని, మళ్లీ చెక్క మీద అరచెయ్యి పెట్టాడు.

నేను పైట అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వెనక కూర్చున్న బడిపిల్ల ఒకతె నాకు చేతిరుమాలు ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు శామీర్‌పేట రోడ్డు మీద ఒక ఛాయ్ బండి దగ్గర ఆగాం. ఇన్నేళ్లలో సంగీతం అంతా అయిపోయాక ఛాయ్ తాగడం అదే మొదటిసారి. ఎక్కడున్నా పద్ధతి పద్ధతే కదా, వరసగా చెప్పుకున్నాం. అంకుల్ తన మనిషికి కాస్త అహంకారం ఎక్కువేనని ఇన్నాళ్లకు ఒప్పుకున్నారు. ఆంటీ తన మనిషి ఒక్కసారైనా ఎవరి మొహం చూడలేదని, పని చేసుకుపోయాడని చెప్పింది. నేను నా మనిషి కనుబొమ్మ సంగతి చెప్పాను. అంకుల్ నాయిన చెవి దగ్గరికి వంగి, "అన్నగారూ, మీ మనిషి ఏం చేసింది?" అని అరిచారు.

"నా బిడ్డ ఆగలే సారూ," అన్నాడు నాయిన. "మనం ఇన్నేండ్లు గాడ ఛాయ్ తాగుకుంట కూసున్నం. గామె ఆగకుంట వోయింది." గ్లాసు కింద పెట్టాడు. "పైన నలుగురు ఒక్కపాలి ఊపిరి వట్టిన్రు. నేను గూడ వట్టిన."

తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే అంకుల్ ఇంట్లో చేరాం. ఎప్పటిలాగే క్యాసెట్. మొదటి వైపు ఆఖరికి వచ్చింది, మొదటి వయొలిన్ మెట్లెక్కుతోంది, బటన్ టప్‌మంది. ఆంటీ వంటింటికి లేవబోయింది. నాయిన చెయ్యి ఎత్తి ఆపాడు. తను క్యాసెట్ తీసి తిప్పి పెట్టి, బటన్ మీద వేలు ఉంచి, కళ్లు మూసుకున్నాడు. గదిలో ఏ చప్పుడూ లేదు. మేం ముగ్గురమూ ఆయన వేలినే చూస్తున్నాం. రెండు మెట్లు. ఒక్క సన్నటి స్వరసమూహం. నాలుగు ఊపిరులు.

వేలు నొక్కాడు. పెద్దాయన కిందికి దిగడం మొదలుపెట్టాడు.

"ఇగ కలిసినయ్," అన్నాడు నాయిన.